వడ్ల పొట్టు పడిన కన్ను

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్‌కు తోలి, అక్కడ మిషన్ దగ్గర తాలు పట్టిస్తుంటే మా మామయ్య కుడి కంట్లో పొట్టు పడింది. ఆయనకు 61 ఏళ్ళు, షుగర్ ఉంది. మా ఊరి ఆర్ఎంపీ దూదితో తీసి చుక్కల మందు ఇచ్చాడు. నాలుగు రోజులు బాగానే ఉంది, ఎరుపు కూడా తగ్గింది. తర్వాత నొప్పి, నీళ్ళు కారడం, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. పన్నెండో రోజు కరీంనగర్ తీసుకెళ్తే పుండును గీకి పరీక్ష చేసి ఫంగస్ అన్నారు. నాటామైసిన్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు, ఇంకో రెండు రకాల చుక్కలు రాశారు. తొమ్మిది రోజులైంది, మచ్చ అలాగే ఉంది. చూపు ఇంకా తగ్గిందంటున్నారు. ఇన్ని చుక్కలు వేస్తే కన్ను కరిగిపోతుందని మా అత్తమ్మ రాత్రిపూట వేయనివ్వడం లేదు. దుబాయ్‌లో ఉన్న మా ఆయన అక్కడి నుంచి పెద్ద మందులు పంపిస్తానంటున్నారు. ఇది కరోనా అప్పటి బ్లాక్ ఫంగసేనా? ఇంట్లో చిన్న పిల్లలున్నారు, అంటుకుంటుందా? కన్ను తీసేస్తారా? మొదట ఆర్ఎంపీ దగ్గరికి పంపింది నేనే, ఇప్పుడు అందరూ నన్నే అంటున్నారు. — పేరు రాయవద్దు

సమాధానం: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు డాక్టర్ రాసిన చీటీ తీసి చూడండి. గంటకోసారి అన్నది పగలూ రాత్రీనా, మెలకువగా ఉన్నంతసేపా? రాత్రి కూడా అని ఉంటే ఈ రాత్రి నుంచే వేయండి. చేతిరాత అర్థం కాకపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. అత్తమ్మ గారి భయం నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చిన ఇళ్ళల్లో సగం ఇళ్ళల్లో ఎవరో ఒక పెద్దమ్మ ఈ మాటే అనేది. ఆమె చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది, కన్ను కరగడం అనేది ఉంటుంది. కానీ కరిగించేది చుక్కల మందు కాదు, ఫంగస్. నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే పొర అర మిల్లీమీటరు కంటే కాస్త మందం, అంతే. ఫంగస్ పోగులు ఆ పొరను తింటూ లోపలికి దిగుతాయి. చుక్కల మధ్య ఎడం పెరిగేకొద్దీ వాటికి తీరిక దొరుకుతుంది.

గంటకోసారి ఎందుకంటే, నాటామైసిన్ అణువు పెద్దది. నల్లగుడ్డులోకి సులువుగా ఇంకదు. కంట్లో వేసిన చుక్కలో చాలా భాగం నిమిషాల్లోనే కన్నీటితో బయటికి పోతుంది. అందుకే మాటిమాటికీ వేస్తూ పుండు మీద మందు నిలిచి ఉండేలా చూడాలి. డాక్టర్ మళ్ళీ పుండు గీకుతానంటే కూడా కంగారు పడకండి. పైన పేరుకున్న చచ్చిన పొరను తీసేస్తే మందు లోపలికి చేరుతుంది. ముందు మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి ఆయనకు నొప్పి తెలియదు.

ఇంకో మాట. నాటామైసిన్ నీళ్ళలా ఉండదు, పల్చటి సున్నపు తేటలా ఉంటుంది. మందు అడుక్కి దిగిపోతుంది. సీసా బాగా కుదపకుండా వేస్తే పైనున్న నీళ్ళే కంట్లో పడతాయి, మందు అడుగున మిగిలిపోతుంది. వారం రోజులు ఏ గుణమూ కనబడక నా దగ్గరికి వచ్చిన ఒకాయన సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున తెల్లటి గడ్డ కట్టి ఉంది. వాళ్ళ అబ్బాయి ఒక్క పూట కూడా తప్పకుండా వేశాడు, కుదపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. మీ సీసా కూడా ఒకసారి వెలుతురుకు పెట్టి చూడండి. ఈ ఎండల్లో అలమరలో పెట్టకండి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోవచ్చు, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. రెండు రకాల చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగండి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. కనురెప్పల మీద తెల్లగా పేరుకునేది మందే, చీము కాదు. కాచి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన దూది ముంచి రెప్పల అంచున తుడిస్తే చాలు. కంటికి కట్టు మాత్రం కట్టకండి. ఎండకు నల్ల కళ్ళద్దాలు పెట్టండి.

చూపు ఇంకా తగ్గిందన్నారు కదా. మీకు రాసిన మిగతా రెండింటిలో ఒకటి బహుశా అట్రోపిన్ లేదా హోమట్రోపిన్ అయి ఉంటుంది. అది కంటిపాపను పెద్దది చేసి లోపలి కండరానికి విశ్రాంతి ఇస్తుంది, నొప్పి తగ్గిస్తుంది. దాంతో చూపు మసకబారుతుంది, వెలుతురు చూడలేకపోతారు. దాని మీద నాటామైసిన్ తెల్లపొర, దాని కింద అసలు పుండు. కాబట్టి ఇప్పుడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడగడం మానేయండి. తగ్గుతోందా లేదా అన్నది డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూసేది వేరే. పుండు అంచులు మొదట్లో ఈకల్లా చీలికలు చీలికలుగా ఉంటాయి, అవి మొద్దుబారుతున్నాయా? చుట్టూ ఉన్న చిన్న చిన్న తెల్ల చుక్కలు మాయమవుతున్నాయా? నల్లగుడ్డు వెనక అడుగున చీము గీత ఉంటే అది కిందికి దిగుతోందా? తొమ్మిదో రోజుకు మచ్చ పెరగకుండా ఆగిందంటే ఈ జబ్బులో అది మంచి కబురే. బ్యాక్టీరియా పుండు రోజుల్లో తేలుతుంది, ఫంగస్ పుండుకు వారాలు పడుతుంది. నెల దాటినా ఆశ్చర్యం లేదు. తెల్లదనం పూర్తిగా పోదు కూడా. పుండు మానాక మన ఊళ్ళల్లో పువ్వు అంటామే, అలాంటి మచ్చ మిగులుతుంది.

ఇది బ్లాక్ ఫంగస్ కాదు. 2021లో వచ్చింది మ్యూకోర్‌మైకోసిస్. అది ముక్కులోంచి సైనస్‌లలోకి, అక్కడి నుంచి కంటి గూట్లోకి, మెదడుకు పాకేది. దానికి ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్లు ఇచ్చి, చచ్చిన కండను కోసి తీయాల్సి వచ్చేది. మీ మామయ్యది కంటి ముందు పొరకు పట్టిన ఫంగస్. మెదడుకు పోతుందన్న భయం అక్కర్లేదు. పిల్లలకు అంటుకోదు. తాత పక్కన పడుకోవచ్చు, కాకపోతే నిద్రలో వాళ్ళ చెయ్యి ఆయన కంటికి తగలకుండా చూసుకోండి. రెండింటికీ ఒక పోలిక మాత్రం ఉంది. షుగర్ ఎక్కువగా ఉంటే ఇదీ మొండికేస్తుంది. ఆయన షుగర్ చివరిసారి ఎప్పుడు చూపించారో మీ ఉత్తరంలో లేదు. రేపు పొద్దున్నే పరగడుపున చేయించండి.

పొట్టు పడితే ఫంగస్ ఎలా వచ్చిందని మీరు అడగలేదు గానీ చెప్తాను, ఎందుకంటే ఇది మన పొలాల జబ్బు. వరి పొట్టు అంచు రంపంలా గరుకుగా ఉంటుంది. నల్లగుడ్డు మీద గీరుకుని పోతుంది. పొట్టు మీద, మట్టిలో, ఎండిన ఆకుల మీద ఉండే బూజు ఆ గీరలో పడుతుంది. చొప్ప ఆకు కోసుకున్నా, చెరకు ఆకు తగిలినా, ఎద్దు తోక కంటికి కొట్టినా ఇదే కథ. వెచ్చగా, తేమగా ఉండే మన వాతావరణంలో వీటికి కొదవ లేదు. ఈ జబ్బును వైద్య పత్రికలో మొదట రాసింది 1879లో లీబర్ అనే జర్మన్ డాక్టర్. ఆ రోగి కూడా రైతే. నూర్పిడి దగ్గర ఓట్స్ పొట్టు ఎగిరి ఆయన కంట్లో పడింది. అక్కడ ఇప్పుడు ఇది అరుదు. మన దగ్గర పంట, మిషన్ మారాయి గానీ పొట్టు ఎగరడం ఆగలేదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు 1991 నుంచి 2000 దాకా పదేళ్ళలో తమ దగ్గర ల్యాబ్‌లో తేలిన ఫంగస్ పుళ్ళు 1,352 లెక్క తీశారు. వాళ్ళలో 962 మంది మగవాళ్ళు. సగానికి పైగా కంటికి ఏదో ఒక దెబ్బ తగిలినవాళ్ళే. ఎక్కువమంది పనిచేసే వయసువాళ్ళు. ఇది ఒక్క ఆస్పత్రికి చేరినవాళ్ళ లెక్క. ఊళ్ళల్లో కన్ను పోయింది అనుకుని ఊరుకున్నవాళ్ళు ఇందులో లేరు. 1990లలో తమిళనాడు మదురై జిల్లాలో చూస్తే ఏటా లక్ష మందిలో 113 మందికి నల్లగుడ్డు మీద పుండు పడుతోంది. అమెరికాలో ఒక కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి చోట, అదే లెక్క తీస్తే లక్షకు 11. అక్కడివి ఎక్కువగా బ్యాక్టీరియావి, కాంటాక్ట్ లెన్స్ వాళ్ళవి. మన దక్షిణాదిలో దాదాపు సగం ఫంగస్‌వి. ప్రపంచం మొత్తం మీద ఏటా 10 లక్షలకు పైగా ఫంగస్ పుళ్ళు వస్తాయని 2021లో ఒక అంచనా వేశారు. అందులో ఎక్కువ భారం ఆసియా, ఆఫ్రికాలదే.

మీ మామయ్య కంటి నుంచి గీకిన దాన్ని గాజు పలక మీద పెట్టి కెఓహెచ్ అనే ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూసి ఉంటారు. అప్పుడు ఫంగస్ పోగులు కనబడతాయి, వెదురు గెడకు కణుపులు ఉన్నట్టు మధ్యమధ్య అడ్డుగీతలతో. ఇది గంటలోపే తేలిపోతుంది. తర్వాత అదే నమూనాను పెంచితే ఏ రకమో తెలుస్తుంది, దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. హైదరాబాద్ లెక్కలో మొదటి స్థానం ఫ్యుజేరియంది, రెండోది ఆస్పర్‌జిల్లస్. ఆస్పర్‌జిల్లస్ మీకు పరిచయమే, తడిసిన వేరుశనగకు పట్టే ఆకుపచ్చ బూజు అందులో ఒక రకం. ఫ్యుజేరియం బీజాలు మైక్రోస్కోప్ కింద అచ్చం కొడవళ్ళలా వంకరగా ఉంటాయి. కోతల కాలంలో ఎక్కువగా వచ్చే జబ్బుకు ఆ ఆకారమే ఎందుకు వచ్చిందో అని చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి. రిపోర్టు వచ్చిందేమో అడగండి. ఏ రకమో తెలిస్తే మందు విషయంలో డాక్టర్‌కు ధైర్యం వస్తుంది.

ఇక దుబాయ్ మందులు. మీ ఆయన ఆరాటం అర్థమవుతుంది. అంత దూరంలో ఉండి చేయగలిగింది పంపడమే కదా. కానీ ఈ జబ్బుకు పెద్ద మందు ఇప్పుడు మీ చేతిలో ఉన్నదే. ఆయన ఇంటర్నెట్‌లో చూసింది బహుశా వోరికోనజోల్ అయి ఉంటుంది. కొత్తది, ఖరీదైనది, కంట్లోకి బాగా ఇంకుతుంది, కాబట్టి మెరుగ్గా పనిచేస్తుందని మేమూ అనుకున్నాం. మన దక్షిణాదిలోని అరవింద్ కంటి ఆస్పత్రుల్లో రెండు మందులనూ 323 మందికి వేసి పోల్చి చూశారు, 2013లో ఫలితం వచ్చింది. పాత నాటామైసినే గెలిచింది. వోరికోనజోల్ చుక్కలు వేసినవాళ్ళలో కన్ను చిల్లు పడటం ఎక్కువైంది, ముఖ్యంగా ఫ్యుజేరియం ఉన్నవాళ్ళలో. ఆ తర్వాత చుక్కలకు తోడుగా వోరికోనజోల్ మాత్రలు కూడా ఇచ్చి 240 మందిలో చూశారు. మొత్తం మీద అదనపు లాభం కనబడలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. పుండు లోతుకు పోయినప్పుడు ఆ మాత్రలో, కంటి పొరలోకి ఇంజక్షనో ఇస్తారు, కానీ అది చూసి నిర్ణయించాల్సింది డాక్టర్. ఆ మాత్రలకు లివర్ పరీక్షలు కావాలి, ఆయన వాడే మిగతా మందులతో పడుతుందో లేదో చూడాలి. కార్గోలో పంపించి వేసుకునే మందు కాదది.

నాటామైసిన్ దక్షిణాఫ్రికాలో నాటాల్ అనే చోటి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది, పేరు కూడా ఆ ప్రాంతానిదే. జున్నుకు బూజు పట్టకుండా పైన పూసేదీ ఇదే మందు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనే తయారవుతుంది. మీ ఆయనను మందు కాదు, డబ్బు పంపమనండి. రాత్రిళ్ళు మీతో వంతు పంచుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోండి, లేదా మీ ఆడపడుచును పదిరోజులు రమ్మనండి. ఒక్కరే రోజుకు ఇరవై నాలుగు చుక్కలు వేయలేరు. ఫోన్‌లో అలారం పెట్టుకుని, గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి చుక్కకూ ఒక గీత గీయండి. వైద్యం కంటే ముందు చేతులెత్తేసేది చుక్కలు వేసే మనిషే, అది నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

కన్ను తీసేస్తారా అన్నదానికి నేరుగానే చెప్తాను. మందుకు లొంగని పుళ్ళు తక్కువేం కాదు. అలాంటప్పుడు కూడా మొదట చేసేది కన్ను తీయడం కాదు. చిన్న చిల్లు పడితే ఒక రకం జిగురుతో మూసి పైన లెన్స్ పెడతారు. పెద్దదైతే పాడైన నల్లగుడ్డు పొరను గుండ్రంగా కోసి తీసి, నేత్రదానంలో వచ్చిన పొర కుట్టుతారు. ఆ ఆపరేషన్ చూపు కోసం కాదు, ఫంగస్‌ను తీసేసి కన్నును నిలబెట్టడం కోసం. అది తేలాక, నెలలు గడిచి కన్ను ప్రశాంతంగా ఉంటే చూపు కోసం ఇంకో మార్పిడి గురించి మాట్లాడవచ్చు. లోపలంతా పాకి, చూపు పూర్తిగా పోయి, నొప్పి భరించలేనప్పుడు మాత్రమే కన్ను తీయాల్సి వస్తుంది. పైన చెప్పిన 2021 ప్రపంచ అంచనాలోనే ఏటా 84 వేలకు తక్కువ కాకుండా కళ్ళు అలా పోతున్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, కింది మాట గుర్తుండాలని చెప్తున్నాను.

కంట్లోంచి ఉన్నట్టుండి వేడినీళ్ళు కారినట్టు బొళుక్కున కారినా, పుండు మధ్యలో గోధుమ రంగులోనో నల్లగానో చిన్న గింజలా ఏదైనా పొడుచుకొచ్చినా, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా, చీము గీత పైకి లేచినా తెల్లారేదాకా ఆగకండి. కంటిని నొక్కకండి, కడగకండి. పైన ఒక గట్టి కప్పులాంటిది తగలకుండా అడ్డంపెట్టి బయలుదేరండి. కరీంనగర్‌లో కార్నియా (నల్లగుడ్డు పొర) మార్పిడి చేస్తారా అని ఇప్పుడే, అవసరం రాకముందే అడిగి పెట్టుకోండి. లేదంటే హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. కట్టలేనివాళ్ళకు అక్కడ ఉచితంగా చేస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు, ల్యాబ్ రిపోర్టు, వాడుతున్న సీసాలు అన్నీ ఒక కవర్‌లో పెట్టి ఉంచండి.

ఇక మీ మీద పడుతున్న నింద. ఊళ్ళో కంట్లో నలుసు పడితే అందరూ చేసేదే మీరూ చేశారు. నాలుకతో నాకించలేదు, చనుబాలు పోయలేదు, నందివర్ధనం రసం పిండలేదు. ఇవన్నీ చేసి వచ్చినవాళ్ళను చూశాను నేను. తప్పు జరిగింది ఆర్ఎంపీ ఇచ్చిన ఆ సీసాలో. మొదటి నాలుగు రోజులు ఎరుపు తగ్గిందన్నారు చూడండి, ఆ మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. స్టెరాయిడ్ కంటికి ఉన్న కాపలాను నిద్రపుచ్చుతుంది. ఎరుపు, నొప్పి తగ్గుతాయి, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా లోపలికి దిగుతుంది. సీసా ఇంకా ఉంటే దాని మీద పేర్లు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్ — చివర సోన్ అనో లోన్ అనో ఉంటే అదే. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తాయి కాబట్టి చాలామంది ఇచ్చేవాళ్ళకు కూడా అందులో అది ఉందని పట్టదు. అత్తమ్మ గారికి శుక్లం ఆపరేషన్ అయి ఉంటే ఆ మిగిలిన చుక్కలు కూడా ఇంట్లో ఉంటాయి, అవీ ఎక్కువగా స్టెరాయిడ్‌లే. ఆ శుక్లం చుక్కలు ఈరోజే పారేయండి. ఇంకెవరి కంట్లోనో పడక ముందే.

అసలు నలుసు పడిన రోజే చేయాల్సింది పెద్ద వైద్యం కాదు. నేపాల్‌లో భక్తపూర్ దగ్గర ఊళ్ళల్లో ఇది చేసి చూశారు. నల్లగుడ్డు గీసుకున్నవాళ్ళకు ఊరి ఆరోగ్య కార్యకర్తలే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. అది ఫంగస్ మందు కూడా కాదు. బహుశా గీత త్వరగా పూడుకుని, స్టెరాయిడ్ జోలికి పోకుండా ఉండటమే సగం పనిచేసి ఉంటుంది. మీ ఆర్ఎంపీతో తగాదా పెట్టుకోకండి. ఆ సీసా చూపించి, స్టెరాయిడ్ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. వానాకాలం కోతలకు మళ్ళీ అతని దగ్గరికే నలుగురు పరిగెత్తుతారు.

మామయ్యను ఇంక మిషన్ దగ్గరికి పంపకండి, ఈ సీజన్‌కు అసలే వద్దు. రెండో కన్ను బాగుందా లేదా చూపించారా? షుగర్ పేషెంట్ కాబట్టి రెటీనా కూడా చూడమని అడగండి. వచ్చేసారి కరీంనగర్ వెళ్ళేటప్పుడు ఆర్ఎంపీ ఇచ్చిన ఆ మొదటి సీసా కూడా కవర్‌లో వేసుకోండి. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు వేశారో చెప్పండి. డాక్టర్‌కు చెబితే తిడతారేమో అని దాచకండి. పుండు ఎంత లోతుకు దిగి ఉంటుందో ఆయన అంచనా వేసుకోవడానికి అది కావాలి.